ఎవరూ ఉమ్మని బకెట్లు

"పదకొండూ ఇరవైకి బొంబాయి బండి కదులుతది. ఆఖరి సాలూన్ డబ్బాల దొంగ సరుకుంది. బండి కదిలే లోపల పట్టాలె. ఎనీ క్వశ్చన్స్?"

నేరేడ్‌మెట్‌లో బోర్డు లేని ఆఫీసు అది. అడిగినవాడు చీఫ్ బ్రహ్మచారి. పేరుకే బ్రహ్మచారి, ఇంటినిండా పిల్లలు. ఎదురుగా నిలబడ్డవాడు బోయిగూడ ఇస్మాయిల్. ఏడాదిపాటు రజాకార్ల మధ్యే తిరిగి, వాళ్ల గుట్టంతా ఇండియన్ యూనియన్‌కి చేరవేసిన ఏజెంటు. పోలీస్ యాక్షన్ అయి అప్పటికి పదిహేను రోజులు.

"సరుకేంది సార్?"

"మోనజైట్. తిరువాన్కూరు సముద్రం ఒడ్డున దొరికే తేనెరంగు బరువు ఇసుక. అందుల థోరియం ఉంటది, అణుశక్తికి పనికొస్తది. బయటికి పంపుడు బంద్. రేపు పారిస్ల ప్రపంచ దేశాల సభల మన డెలిగేట్ లేచి, 'అణుబాంబులు బంద్ చేయుండ్రి, మా ఇసుక రేణువు సుత బాంబులకు పోలేదు' అని చెప్తడు. గీ నమూనా ఓడెక్కినంక ఆ మాట ఎవడన్న నమ్ముతడా?"

"దొంగ ఎవరు?"

"డాక్టర్ హోల్గర్. ప్రపంచ అణుశాంతి సంఘం ప్రెసిడెంట్."

ఆ పేరు ఇస్మాయిల్‌కి తెలుసు. నిన్ననే ఆ దొర స్టేషన్ ముందు బల్లెక్కి, హిరోషిమా పిల్లల గురించి చెబుతూ రుమాలుతో కళ్లొత్తుకున్నాడు. విన్న ఆడవాళ్లు కొంగులు తడుపుకున్నారు. శాంతి పత్రం మీద వందల సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. చచ్చిన పిల్లల పేరు చెప్పి బాంబు సరుకు బేరమా? థూ!

"సాక్ష్యం లేకుండ దొర మీద చెయ్యేస్తే నా నౌకరి పోతది. ఇంకోటి..." చీఫ్ గొంతు తగ్గించాడు. "మిలిటరోళ్ల అనుమానితుల లిస్టుల నీ పేరెక్కింది. రజాకార్లతోటి తిరిగినోడివని. గిది చేసిరా, కొట్టేపిస్తా. లేకుంటే జైలే."

"తిరగమన్నది మీరే కద సార్!"

"అది ఏ ఫైల్ల రాసి లేదు. సీక్రెట్ కదా!"

పది గంటలకల్లా ఇస్మాయిల్ చీపురు, ఫినాయిల్ డబ్బా పట్టిన రైల్వే సఫాయివాడైపోయాడు. రెండో చేతిలో టిఫిన్ క్యారియర్. పై గిన్నెలో రొట్టె, కింది గిన్నెల్లో గైగర్ కౌంటర్. థోరియం దగ్గరికి తీసుకెళితే టిక్కుటిక్కుమంటుంది.

ఇస్మాయిల్ తుపాకీకి జడవడు గానీ ఉమ్మి చూస్తే వాంతొస్తుంది. సికింద్రాబాద్ స్టేషన్లోనేమో గోడకి ఉమ్మి, స్తంభానికి ఉమ్మి. నిప్పంటుకుంటే ఆర్పడానికని వేలాడదీసిన ఎర్ర ఇసుక బకెట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పాన్ నమిలే ప్రతివాడూ అవి తన కోసమే పెట్టారనుకుంటాడు. ముక్కు మూసుకుని ఊడ్చుకుంటూ సాలూన్ దాకా వెళ్లాడు.

అక్కడ ప్రేమమణి నిలబడి ఉంది. హోల్గర్‌కి స్టెనో, లోపాయికారీగా చీఫ్ మనిషి. నీలం పట్టుచీరె, నల్ల కళ్లద్దాలు. ఆవిణ్ణి చూస్తూ ఇద్దరు కూలీలు ఒకే పెట్టెని రెండుసార్లు ఎక్కించారు.

"జెర సున్నం ఉందా అమ్మా?" కోడ్ వదిలాడు ఇస్మాయిల్.

"సున్నముంది, కాచు లేదు," బదులు కోడ్ చెప్పి, ఆవిడ గుసగుసలాడింది. "పుస్తకాల పెట్టెల్ల ఉంది భాయ్. జల్ది చూడు. ఆ క్యారియర్ నేను పట్టుకుంట."

ఇచ్చాడు. ఊడ్చే నెపంతో పన్నెండు పెట్టెలూ విప్పాడు. అన్నింట్లోనూ శాంతి కరపత్రాలే. తిరిగి అందుకున్న క్యారియర్ తేలిగ్గా ఉంది. మూత తీస్తే కౌంటర్‌కి బ్యాటరీ లేదు. ప్రేమమణి నవ్వుకుంటూ సాలూన్లోకి వెళ్లిపోయింది. ఇద్దరి దగ్గరా జీతం తింటోందన్నమాట మహాతల్లి!

పదకొండుంబావు. గార్డు పచ్చజెండా విప్పుతున్నాడు. ఏం చెయ్యాలో తోచక ఇస్మాయిల్ సాలూన్ వరండాకేసి చూశాడు. కటకటాలకి ఎనిమిది ఎర్ర బకెట్లు, నిండా ఇసుక. మళ్లీ చూశాడు. ఒక్క మరక లేదు. రెండ్రోజులుగా ఆ సాలూన్ ఇక్కడే ఉంది. సంతకాలకి వచ్చినవాళ్లలో సగం మంది నోట్లో పాన్ ఉంది. అయినా సికింద్రాబాద్‌లో ఎవరూ ఉమ్మని ఇసుక బకెట్టా? ఎవడో పక్కనే నిలబడి కాపలా కాస్తే తప్ప అది జరిగే పని కాదు.

"పర్వతాలన్నా, ఒక పాన్!" అని కేకేసి, పాన్ డబ్బా ముసలాయన చేతిలోది లాక్కున్నాడు. పుట్టి బుద్ధెరిగి పాన్ ముట్టనివాడు. కళ్లు మూసుకుని నమిలాడు. డోకొచ్చింది. మింగలేదు. సాలూన్ మెట్లెక్కి, మొదటి బకెట్లో తుపుక్కున ఉమ్మేశాడు.

"నో! నాట్ దేర్!" లోపల్నుంచి హోల్గర్ పరుగున వచ్చాడు.

రెండో బకెట్లో ఉమ్మాడు ఇస్మాయిల్. మూడోదాని మీదికి వంగేసరికి దొర చేతిలోకి పిస్తోలొచ్చింది.

"అరె, చూడుండ్రి! శాంతి దొర పిస్తోలు తీసిండు!" పర్వతాలు గొంతు చించుకున్నాడు.

ప్లాట్‌ఫారమంతా చూసింది. స్టేషన్ కాపలాకి పెట్టిన మిలిటరీ జవాన్లిద్దరూ చూశారు. ఆ మాత్రం చాలు, వాళ్ల రైఫిళ్లు దొర మీదికి లేచాయి. కూత వేసి బండి ఒక అడుగు కదిలింది. ఇస్మాయిల్ మూడో బకెట్‌ని కొక్కెం నుంచి తప్పించబోతే బరువుకి చేతుల్లో ఆగక జారిపడింది. తేనెరంగు ఇసుక గార్డు బూట్ల మీద కుప్పగా పడింది. గార్డు పచ్చజెండా దించి ఎర్రజెండా ఎత్తాడు.

మూడోనాడు చీఫ్ టెలిగ్రాం ఊపుతూ కనిపించాడు. "పారిస్ల మనోని స్పీచ్‌కు చప్పట్లే చప్పట్లు! ఇసుక రేణువు సుత పోలే. శభాష్!"

"హోల్గర్ సార్?"

"పైనుంచి ఆర్డరొచ్చింది. దండేసి విమానమెక్కిచ్చిన్రు. ప్రేమమణి సుత ఆయన వెంట పోయింది."

నోట్లో పాన్ ఉన్నప్పుడు కూడా ఇస్మాయిల్‌కి ఇంత రోత పుట్టలేదు. "మరి లిస్టుల నా పేరు?"

"కొట్టేస్తరు. కాకపోతే నువ్వు యూనియన్ మనిషివని ఇద్దరు పెద్దమనుషులు జామీను సంతకం పెట్టాలె. నేను పెట్టొద్దు, సీక్రెట్ కదా."

ఇస్మాయిల్ లేచి టోపీ పెట్టుకున్నాడు.

"ఒక సంతకం హోల్గర్ దొరను అడుగుండ్రి సార్. నేనెవరి మనిషినో ఆయనకు పక్కా తెల్సు."