శబ్దం లేని ఆర్గన్

శనివారం పొద్దున శ్రీవిద్య కాఫీ కలుపుతుంటే పక్క గదిలోంచి మళ్ళీ అదే చప్పుడు. చెక్క మీటలు నొక్కుతున్న టక్, టక్. అత్తగారు సిగ్రిడ్ తన ఆర్గన్ వాద్యం ముందు కూర్చున్నారు. గాలి మోటార్ ఆన్ చేయరు కాబట్టి స్వరం పలకదు, మీటలు మాత్రం కదులుతాయి.

సిగ్రిడ్‌ది స్వీడన్. ఆర్గన్ నేర్చుకునే రోజుల్లో మాస్టారు, "నువ్వు వాయిస్తే చాలు, సంగీతం కట్టడం మగవాళ్ళు చూసుకుంటారు" అన్నారట. ఆవిడ ఆ మాట చెవిన పెట్టలేదు. డాక్టర్ భీమశంకరాన్ని పెళ్ళాడి అమెరికాలోని చాండ్లర్ వచ్చాక చర్చిలో ఆర్గనిస్ట్ అయ్యారు. ఊళ్ళో ఎందరి పెళ్ళిళ్ళకో, ఎందరి అంత్యక్రియలకో ఆవిడ కట్టిన సంగీతమే. భర్త పోయాక తన చిన్న ఆర్గన్‌తో సహా కొడుకు రాకేష్ ఇంటికి వచ్చేశారు.

పోయిన వేసవిలో శ్రీవిద్య కడుపులోని బిడ్డ పుట్టకముందే పోయింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఈ చప్పుడు మొదలైంది కూడా అప్పుడే. ఆఫీస్‌లో ఉన్నా, కార్‌లో ఉన్నా శ్రీవిద్యని అది వెంటాడుతూనే ఉంది.

"రాకేష్, ఆ ఆర్గన్ చర్చికి ఇచ్చేద్దాం" అంది కాఫీ ఇస్తూ.

"అమ్మకి మిగిలింది అదొక్కటే, విద్యా."

"మరి నాకేం మిగిలింది?"

శ్రీవిద్య నేరుగా ఆ గదిలోకి వెళ్ళింది.

"అత్తయ్యా, ఇంక ఆపండి. ఆ చప్పుడు వింటుంటే ఎవరో లోపలికి రానివ్వమని తలుపు తడుతున్నట్టుంటుంది. పిచ్చెక్కిపోతోంది నాకు."

సిగ్రిడ్ చేతులు ఆగిపోయాయి. ఆవిడ తెలుగు ఎప్పుడూ నెమ్మదే.

"పాప వస్తుందని లాలిపాట మొదలుపెట్టాను. సగంలో ఉండగా తను వెళ్ళిపోయింది. పైకి వాయిస్తే నువ్వు బాధపడతావని మోటార్ వేయలేదు. ఎక్కడ ముగించాలో తెలియడం లేదమ్మా. రోజూ అక్కడికొచ్చి ఆగిపోతున్నాను."

శ్రీవిద్య గోడకి ఆనుకుంది. ఇన్నాళ్ళూ ఆ బిడ్డ తనొక్కదానికే పోయిందనుకుంది. పక్క గదిలో ఇంకొకరు ఆ బిడ్డకోసం కూర్చుని ఉన్నారని ఆమెకి తోచనే లేదు.

"నా పాటలన్నిటికీ ఎవరో ఒకరి పేరుంది. దీనికే లేదు" అన్నారు సిగ్రిడ్. "మీరేమైనా పేరు అనుకున్నారా? అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు."

ఆసుపత్రి నుంచి వచ్చాక శ్రీవిద్య ఒక్కసారి కూడా పైకి అనని పేరు అది.

"ఆద్య" అంది చివరికి.

"ఆద్య" అన్నారు సిగ్రిడ్, ఒక్కో అక్షరం సరిగ్గా పలకాలని పాటుపడుతూ.

గుమ్మంలో నిలబడ్డ రాకేష్ ముఖం తుడుచుకుని లోపలికొచ్చాడు. వంగి మోటార్ ఆన్ చేశాడు. శ్రీవిద్య అత్తగారి పక్కన బెంచీ మీద కూర్చుంది. పాట మొదలై, సగం దాకా వచ్చి, తడబడింది. శ్రీవిద్య ఆవిడ భుజం మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చేసింది. సిగ్రిడ్ ఆపలేదు. ఏడుస్తున్న ఆమెని అలాగే ఆనుకోనిచ్చి, పాటని ముందుకు తీసుకెళ్ళారు.