చంద్రిక వాటర్ బాటిల్

పొద్దున్న కుక్కర్ మూత పెడుతుండగా బాత్‌రూమ్‌లోంచి వాంతి చప్పుడు వినిపించింది. సురేందర్ స్టవ్ ఆపి పరుగెత్తాడు. ఎనిమిదేళ్ల చంద్రిక యూనిఫాంలోనే గోడకు ఆనుకుని కూర్చుంది.

ఈ వానాకాలమంతా ఇదే తంతు. బయట తిండి మాన్పించాడు. నీళ్లు కాచి చల్లార్చి పోస్తున్నాడు. తినేముందు సబ్బుతో చేతులు కడిగిస్తున్నాడు. ఇంకా ఏం తక్కువ చేస్తున్నాడో అంతుపట్టడం లేదు.

“డాడీ, స్కూలుకు పోకుంటే మిస్ తిడ్తది.”

“నేను ఫోన్ చేస్త తియ్ బిడ్డా. జర పడుకో.”

పంజాగుట్ట నుంచి అత్తగారు కుసుమకుమారి అమీర్‌పేటకు వచ్చేసరికి అతను ఓఆర్ఎస్ నీళ్లు చెంచాతో పట్టిస్తున్నాడు.

“వాంతులవుతుంటే ఆ నీళ్లెందుకు బాబూ? కడుపు ఖాళీగా ఉంచాలి.”

“డాక్టర్ పొయ్యమన్నడు అత్తమ్మా. ఒంట్లో నీళ్లు తగ్గొద్దట.”

“మేం ఏ పిల్లకీ అలా పోయలేదు.”

ఎవరి మాట వినాలో తెలియక అతని చేతిలో చెంచా ఆగిపోయింది. చంద్రికే నోరు తెరిచింది. ఆ గుక్క కడుపులో నిలిచింది. అంతవరకు మేలే అనుకున్నాడు.

“ఏమనుకోకండి,” అంది కుసుమకుమారి గొంతు తగ్గించి. “పిల్లని నా దగ్గరే ఉంచుకుంటాను. ఆఫీసు, ఇల్లు రెండూ మీ ఒక్కరివల్ల అవట్లేదు. మంజూష పోయి రెండేళ్లయింది. దాని కూతురైనా దక్కాలి కదా.”

“నా దగ్గరుంటే దక్కదా అత్తమ్మా?”

ఆమె చంద్రిక బట్టలు సంచిలో సర్దసాగింది. స్కూలు బ్యాగులోంచి వాటర్ బాటిల్ తీసి మూత విప్పగానే మొహం చిట్లించింది.

“ఇదేంటి? స్ట్రా లోపలంతా నల్లగా జిగట. కాచిన నీళ్లు దీంట్లోనా పోస్తున్నారు? ఎప్పుడైనా వేణ్ణీళ్లలో వేసి బ్రష్షుతో తోమారా?”

సురేందర్ చెయ్యి చాచి బాటిల్ తీసుకోబోయాడు.

“తోమితే పోతది అమ్మమ్మా,” అంది చంద్రిక మంచం మీది నుంచి.

“ఏం పోతుంది?”

“అమ్మ రాసిన పేరు.”

కుసుమకుమారి బాటిల్‌ను తిప్పి చూసింది. అంచులు లేచిన టేపు కింద, సగం మాసిన మార్కర్ అక్షరాల్లో చంద్రిక అని ఉంది. రోజూ ఆ టేపుకు వేలు తగలకుండా కాసిని నీళ్లు పోసి తిప్పి పారబోసేవాడు సురేందర్. కూతురు గమనించలేదనుకున్నాడు. కూతురేమో తండ్రి కంట పడకుండా తనే దాన్ని కాపాడుకుంటున్నాననుకుంది.

ఆమె మంచం అంచున కూలబడింది. “ఒక్క మాట నాతో చెప్పొచ్చు కదా బాబూ.”

“ఏమని చెప్పాలె అత్తమ్మా? నవ్వుతరనుకున్న.”

డాక్టర్‌కు ఫోన్ చేస్తే, “ఇదొక్కటే కారణమని చెప్పలేను. కానీ ఆ బాటిల్ వాడకండి. ఓఆర్ఎస్ ఆపొద్దు. పాప మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా వెంటనే తీసుకురండి,” అన్నాడు.

కుసుమకుమారి తనే చెంచా అందుకుని ఓఆర్ఎస్ పట్టించసాగింది. మధ్యాహ్నానికి వాంతులు ఆగాయి. సురేందర్ వెళ్లి స్ట్రా లేని, వెడల్పు మూతి స్టీలు బాటిల్ కొనుక్కొచ్చాడు. పాతదాన్ని బీరువాలో మంజూష చీరల పక్కన పెట్టి, మార్కర్ అత్తగారికి అందించాడు.

“మీరే రాయండి.”

ఆమె మెల్లగా రాసింది. చంద్రిక వేలితో అక్షరాల వెంట దిద్దుతూ చివర ఆగింది.

“‘క’కు అమ్మ సుత ఇట్లనే తోక పెడ్తుండె.”

“మీ అమ్మకి పలక మీద దిద్దించింది నేనే కదమ్మా,” అంది కుసుమకుమారి. కళ్లు తుడుచుకుని, సంచిలోంచి పిల్ల గౌన్లు ఒక్కొక్కటే తీసి అలమరలో పెట్టింది.

సురేందర్ అక్షరాల మీద అతికించడానికి టేపు వెతుకుతున్నాడు.

“టేపు వద్దు బాబూ,” అందామె. “రోజూ శుభ్రంగా తోమండి. పేరు చెరిగిపోయినప్పుడల్లా వచ్చి మళ్లీ రాస్తాను.”