హాట్ యాయ్ స్టేషన్లో ఐస్ పెట్టె

"ఆపరేషన్ చేపముల్లు," అన్నాడు చీఫ్ వొరవిత్ ఫోన్లో. "టార్గెట్ ఒక ఐస్ పెట్టె. లోపల నూట నలభై పిల్లుల నోటి చొంగ."

ఏజెంట్ సుకంద నవ్వలేదు. మన పశువైద్యులు నాలుగేళ్లు గుళ్లూ చేపల మార్కెట్లూ తిరిగి, రక్కించుకుని పోగేసిన శాంపిల్స్ అవి. పిల్లుల నోరు పుండు చేసి చంపే వైరస్ థాయ్‌లాండ్ ఉత్తరాన ఒక రకం, ఈశాన్యంలో ఇంకో రకం. దక్షిణాది రకానికి విదేశీ టీకా అంటే లెక్కే లేదు. సొంత టీకా చేసుకోవాలంటే మనకున్నది ఆ పెట్టె ఒక్కటే.

"ఎత్తుకెళ్లింది ఎవరు సార్?"

"మన రపీపన్. డబుల్ ఏజెంట్. ఎనిమిదింటి బండిలో సరిహద్దు దాటిందా, పేటెంటు విదేశీ ముఠాది. జబ్బు మన పిల్లికి, పెత్తనం వాళ్లకి."

"దాటదు."

ఉదయం ఏడూ యాభై ఎనిమిది. సుకంద కోడివేపుడు గంపతో ప్లాట్‌ఫాం మీద ఉంది. చెవికమ్మలో రేడియో. నల్లకళ్లద్దాలు, పట్టు గౌను, చేతిలో ఐస్ పెట్టెతో రపీపన్ వచ్చింది. సుకందను చూడగానే గుర్తుపట్టేసింది.

"వేపుడు అమ్ముతున్నావా చెల్లీ? నీకు ఇదే నప్పింది."

"పెట్టె ఇలా ఇవ్వు అక్కా."

"అడుగు వేశావంటే మూత తీసి ఎండలో కుమ్మరిస్తా. నాకూ దక్కదు, నీకూ దక్కదు."

ఆమె బొటనవేలు గొళ్లెం మీదే ఉంది. ఒక కాలు బండి మెట్టెక్కింది.

స్పీకర్ గరగరలాడింది. ఎనిమిదైంది. రోజూ ఈ వేళకు దేశమంతా మోగే జాతీయ గీతం; ఎక్కడివాళ్లు అక్కడ కదలకుండా నిలబడాల్సిందే.

స్టేషన్ మొత్తం బిగుసుకుపోయింది. కూలీ మూటతోనే, గార్డు పచ్చజెండాతోనే. రపీపన్ కాలు దానంతటదే మెట్టు దిగింది. పన్నెండేళ్ల బడి అలవాటు ముఠా జీతానికి లొంగుతుందా! పెట్టె కింద పెట్టి, చేతులు పక్కలకు ఆనించి నిటారుగా నిలబడింది.

సుకంద కాళ్లూ నేలకు అతుక్కున్నాయి. ఆమెదీ అదే బడి. పళ్లు బిగించి పీక్కుంది. అంత జనంలో ఒక్కతే నడిచింది. అందరి కళ్లూ కొరకొరా చూస్తుంటే పెట్టె ఎత్తుకుంది.

"ఒసే, పాట మధ్యలోనా!" పళ్ల మధ్య నుంచి బుసకొట్టింది రపీపన్. కదల్లేదు.

పాట ఆగింది. రైల్వే పోలీసులు రపీపన్ రెండు రెక్కలూ పట్టుకున్నారు.

ఓ ముసలావిడ గొడుగుతో సుకంద భుజం మీద పొడిచింది. "సిగ్గులేదుటే పిల్లా? ఆ అమ్మాయిని చూడు, ఎంత బుద్ధిగా నిలబడిందో!"

"చూశానమ్మమ్మా," అంది సుకంద. "అందుకే మా ఆఫీసుకు తీసుకెళ్తున్నా. అందరికీ చూపించాలి."