ఫోర్కు మోగేదాకా

టంగ్!

దోరినా ఫోర్కుతో పళ్ళెం అంచు మీద కొట్టింది. బల్ల చుట్టూ ఉన్న పిల్లలందరూ ఠక్కున తినడం ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. వంటామె వచ్చి శనగల పళ్ళేలు తీసుకుపోయింది.

దోరినాకు నవ్వు ఆగలేదు. అతికించిన దూది గడ్డం ముక్కుకు తగిలి గిలిగింతలు పెడుతోంది. ఐదేళ్ళ పిల్ల ఒక్క దెబ్బ కొడితే బల్లంతా ఆగిపోయింది మరి!

అది పండగ రిహార్సల్. మార్చి నెలలో ఆ ఊళ్ళో జుజెప్పె పండగ జరుగుతుంది. జుజెప్పె అంటే యేసును పెంచిన వడ్రంగి తండ్రి, మనం యోసేపు అంటామే, ఆయన. ఆ రోజు పెద్ద బల్ల వేసి, సెయింట్ల వేషాలు కట్టినవాళ్ళను కూర్చోబెట్టి, ఊరంతా చుట్టూ నిలబడి వాళ్ళకు వడ్డిస్తుంది. సెయింట్లు తినేటప్పుడు నోరు విప్పకూడదు. జుజెప్పె ఫోర్కు మోగిస్తే ఆ వంటకం అయిపోయినట్టే. కడుపు నిండినా నిండకపోయినా పళ్ళెం వదలాల్సిందే.

ఈసారి బల్ల ముందు కూర్చునే వంతు కిండర్‌గార్టెన్ పిల్లలకు వచ్చింది. ఎవరికి ఏ వేషమో చీటీలు తీస్తే జుజెప్పె గడ్డం దోరినాకు, యేసు తల్లి మరియమ్మ నీలం ముసుగు ఒరోంజో అనే పిల్లాడికి పడ్డాయి. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు.

పంతాలేయో మాత్రం మూతి ముడిచాడు. "టీచర్, దోరినా ఆడపిల్ల! పైగా ఈ ఊరు కూడా కాదు, అల్బేనియా నుంచి వచ్చింది!"

"జుజెప్పెది మాత్రం ఈ ఊరేంట్రా?" అంది అస్సుంతా టీచర్.

పంతాలేయో తన చీటీ ఉండ చుట్టి జేబులో వేసుకున్నాడు.

నిజంగానే, సెప్టెంబర్‌లో బడిలో చేరిన రోజున దోరినాకు ఇటాలియన్ ఒక్క ముక్క రాదు. నీళ్ళు కావాలన్నా వేలు చూపించేది. అటువంటి పిల్ల ఇప్పుడు కథలు చెబుతుంది, పాటలు పాడుతుంది, క్రిస్మస్‌కు యేసు పుట్టిన పశువులపాక బొమ్మల్లో ఏది ఎక్కడ పెట్టాలో పెద్దవాళ్ళకే నేర్పింది. రంగు కాగితపు ముక్కలు చల్లుకునే కార్నివాల్ పండగ రోజున దోసిలెడు ముక్కలతో పోస్ట్‌మ్యాన్‌ను వీధి చివరిదాకా తరిమింది. ఇంత చిన్న బుర్రలో ఇంత భాష ఎలా పట్టిందా అని ఊళ్ళో అందరూ ముక్కున వేలేసుకున్నారు.

అది ఒరోంజో పుణ్యం. మిగతా పిల్లలు గడగడా మాట్లాడితే దోరినాకు ఏమీ తెలిసేది కాదు. ఒరోంజో ఏ పనైనా నింపాదిగా చేస్తాడు. అందరూ వాణ్ణి నత్త అంటారు. వాడు ఒక్కో వస్తువునూ ముట్టుకుని, ఒక్కో మాటా విడివిడిగా చెప్పి, ఆమె తిరిగి అనేదాకా ఆగేవాడు. అలా ఆగినవాడు బడి మొత్తానికి వాడొక్కడే.

టంగ్! రిహార్సల్ బల్ల మీంచి కాలీఫ్లవర్ వేపుడు వెళ్ళిపోయింది. టంగ్! చేప వెళ్ళిపోయింది. చివర వచ్చేది తేనె సేమ్యా. దాని వాసన అప్పుడే వంటింట్లోంచి వస్తోంది. ఇక దోరినా చెయ్యి ఆగుతుందా?

సేమ్యా వచ్చింది. దోరినా రెండుసార్లు పెట్టించుకుని తిన్నది. తృప్తిగా ఆఖరి దెబ్బ కొట్టింది.

రిహార్సల్ అయ్యాక పెరట్లోకి వెళ్ళడానికి పిల్లలు జంటలుగా నిలబడ్డారు. దోరినా అలవాటుగా చెయ్యి చాచింది. ఒరోంజో ఆమె వంక చూడకుండా వెళ్ళి పంతాలేయో చెయ్యి పట్టుకున్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

దోరినా జంట లేకుండా మిగిలిపోయింది. టీచర్ వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ ఏమేం తిన్నావే?"

"శనగలు, కాలీఫ్లవర్, చేప, సేమ్యా! సేమ్యా రెండుసార్లు!"

"మరి ఒరోంజో?"

దోరినా నోరు తెరిచింది. వాడు పక్కనే కూర్చున్నాడు, మోచేతులు తగులుతూనే ఉన్నాయి. అయినా వాడేం తిన్నాడో ఆమెకు తెలియదు.

"చూడలేదు టీచర్."

టీచర్ ఆమెను పెరట్లోకి నడిపించుకుపోయింది. దోరినా కళ్ళు మాత్రం ముందు నడుస్తున్న ఒరోంజో మీదే ఉన్నాయి.

ఆ సాయంత్రం పండగ సేమ్యా చెయ్యడానికి ఆడవాళ్ళంతా ఒరోంజో వాళ్ళ ఇంట్లో చేరారు. దోరినా వాళ్ళమ్మతో వెళ్ళింది. ఒరోంజో మూలన కూర్చుని పిండి ముద్దతో ఆడుకుంటున్నాడు. దోరినా వాడి దగ్గరకు పరుగెత్తింది.

"ఒరోంజో, సారీ! సారీ, సారీ!"

"ఇప్పుడంటే ఏం లాభం?" అన్నాడు వాడు మెల్లగా. "నేను తినకముందే కొట్టేశావు. నాకు ఆకలేసింది అప్పుడు."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"సెయింట్లు మాట్లాడకూడదుగా!"

 వాడు కోప్పడినా బాగుండేది. పద్ధతి తప్పకుండా ఆకలితో కూర్చున్నాడు, అదే దోరినాకు కష్టంగా ఉంది. వెళ్ళి వాళ్ళమ్మ గౌను పట్టుకుని నిలబడింది.

పిండి పిసుకుతున్న చెజారియా అమ్మమ్మ, అంటే ఒరోంజో అమ్మమ్మ, ఆమెను చూసి నవ్వింది.

"ఏమే జుజెప్పె, అప్పుడే గడ్డం బరువైందా? మా నాన్న కూడా జుజెప్పె వేశాడు తెలుసా! బల్ల మీద అన్ని వంటలు పెట్టుకుని, ఇంటికొచ్చి 'ఆకలే, రొట్టె పెట్టు' అన్నాడు మా అమ్మని."

"ఎందుకూ? తినలేదా?"

"ఎక్కడ తింటాడు? అందరి పళ్ళేల్లోకీ తొంగిచూస్తూ కూర్చుంటే తన పళ్ళెంలోది చల్లారిపోదూ?"

ఆడవాళ్ళంతా నవ్వారు. దోరినా నవ్వలేదు. ఆ మాటే ఆలోచిస్తూ పిండిని పొడుగ్గా లాగుతూ కూర్చుంది.

పండగ రోజు వచ్చింది. బడి ముంగిట్లో తెల్లని గుడ్డ పరిచిన బల్ల, ఒక్కో సెయింటు ముందూ బండి చక్రమంత గుండ్రటి రొట్టె, చుట్టూ ఊరు ఊరంతా. ఫాదర్ ప్రార్థన చేసి బల్లను దీవించాడు. శనగలు వడ్డించారు.

పిల్లలు గబగబా తిన్నారు. పంతాలేయో పళ్ళెం నాకినట్టుగా ఖాళీ అయింది. అందరి కళ్ళూ ఫోర్కు మీదే ఉన్నాయి. దోరినా ఫోర్కు పట్టుకుని ఒరోంజో పళ్ళెం చూస్తోంది. వాడు ఒక్కో శనగగింజనూ ఏరి, నోట్లో వేసుకుని, తీరిగ్గా నములుతున్నాడు.

"జుజెప్పె నిద్రపోయాడేమో!" అన్నారెవరో జనంలోంచి.

"గడ్డంలో ఫోర్కు చిక్కుకుందేమో, చూడండర్రా!" అని ఇంకొకరు.

దోరినా చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆమె ఫోర్కు ఎత్తలేదు. ఒరోంజో రొట్టె తుంచి పళ్ళెం తుడుచుకుని తిని, తలెత్తి చూశాడు.

టంగ్!

కాలీఫ్లవర్‌కూ అంతే. చేపకైతే వాడు ముళ్ళు ఏరుకునే సరికి జనం గోల ఎక్కువైంది. అస్సుంతా టీచర్ చేతులు కట్టుకుని నిలబడి ఆ పిల్లనే చూస్తోంది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. అంత చిన్న పిల్ల, అంత మంది నవ్వుతుంటే కదలకుండా కూర్చోవడం మాటలా?

చివరికి తేనె సేమ్యా వచ్చింది. తేనె మీద వేయించిన రొట్టెపొడి చల్లి ఉంది. దోరినా ఒక్క ముద్ద తిని, మళ్ళీ పక్క పళ్ళేల వంక చూసింది. ఒకరి తర్వాత ఒకరు తినేశారు. ఒరోంజో కూడా ఆఖరి సేమ్యా పోగు జుర్రుకుని మూతి తుడుచుకున్నాడు.

అందరిదీ అయిపోయింది. దోరినా ముందు మాత్రం పళ్ళెం నిండుగా ఉంది. ఆమె దాని వంక ఒకసారి చూసి, ఫోర్కు పైకెత్తింది.

నీలం ముసుగులోంచి ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆగు జుజెప్పె," అన్నాడు ఒరోంజో, ఊరంతా వింటుండగా. "నువ్వు తినలేదుగా!"

మరియమ్మ మాట్లాడింది! జనం ఒక్కసారిగా గొల్లున నవ్వారు. ఫాదర్ కూడా నవ్వాపుకోలేకపోయాడు. ఒరోంజో మాత్రం ఆ చెయ్యి వదల్లేదు. దోరినా గడ్డం పైకి నెట్టి, ఫోర్కు సేమ్యాలో గుచ్చి, తినడం మొదలుపెట్టింది. ఆమె తినేదాకా ఊరంతా ఆగింది.