అత్తగారికి సగం మందు

పొద్దున్నే టీ కప్పులు రెండూ ఒకే ఎత్తున నింపడం కోడలికి అలవాటైపోయింది. ఒకటి అత్తగారికి, ఒకటి కన్నతల్లికి. ఒకదాంట్లో చెంచాడు ఎక్కువ పడిందంటే ఆ పూట ఇంట్లో మాటలుండవు. ఒకే గదిలో, కిటికీకి అటొక మంచం ఇటొక మంచం వేసుకుని ఇద్దరూ రెండేళ్ళుగా ఉంటున్నారు. పైకి ‘వదినగారూ’ అంటే ‘వదినగారూ’ అనుకుంటారు. ఎవరి దుప్పటి ఎప్పుడు కొన్నదో మాత్రం ఇద్దరికీ కంఠతా వచ్చు.

కోడలు ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీసే టెక్నీషియన్. ఆమె భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్ళో ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా బయటికి తీస్తాడు గానీ, ఇంట్లో ఈ ఇద్దరి మధ్య ఇరుక్కుంటే అతన్ని తీసే దిక్కు లేదు.

ఆ రోజు అత్తగారు టీ ముట్టుకోలేదు. పక్కనున్న మాత్ర కూడా ముట్టుకోలేదు.

“వేసుకోండి అత్తయ్యా. వేసుకుంటేనే వాపు తగ్గేది.”

“వాపుందని ఎవరన్నారు?”

“స్కాన్‌లో కనిపించింది కదా. చిన్నపేగు ఒకచోట వాచి ఇరుకైంది.”

“అది సగం స్కాను. మిగతా సగంలో ఏముందో ఎవరికి తెలుసు?”

కోడలికి ఏమీ అర్థం కాలేదు. అత్తగారు వారం రోజులుగా మూతి ముడుచుకుని ఉన్న సంగతి ఆమెకీ తెలుసు. కడుపునొప్పి వల్లే అనుకుంది. గుమ్మంలో నిలబడ్డ భర్త చివరికి బయటపెట్టాడు.

“అమ్మకి ఇంకోచోట మళ్ళీ స్కాన్ మాట్లాడాను. ఇవాళే. ఫుల్ డోసుతో.”

“మీకు మతిపోయిందా! ఆవిడ కిడ్నీలు అసలే అంతంత మాత్రం. వాళ్ళకి ఆ సంగతి చెప్పారా?”

“అమ్మ చెప్పొద్దంది.”

“స్కాన్‌లో పేగులు తెల్లగా కనబడ్డానికి నరంలోకిచ్చే ఆ మందు నిండుగా ఎక్కిస్తే తట్టుకోలేరని డాక్టరుగారు మీ ముందేగా అన్నారు?”

“అమ్మ ఏడుస్తుంటే ఏం చెయ్యమంటావు మరి?”

అత్తగారు ఇక ఆగలేకపోయింది. “వాణ్ణెందుకంటావు? నన్నడుగు. ఆమధ్య స్కాన్ తీసినప్పుడు మీ అమ్మకి నిండా పోశారు, నాకు సగం పోశావు. నీతో పనిచేసే అబ్బాయే చెప్పాడు. ‘మామ్మగారూ, మీ కోడలు సగం మందుతోనే కానిచ్చేసింది’ అని మెచ్చుకుంటూ మరీ చెప్పాడు. మందెక్కగానే వదినగారికి గొంతు నుంచి అరికాళ్ళ దాకా వేడి పాకిందట. ఎన్నిసార్లు విన్నానో! నాకేది? చేతి దగ్గర కాస్త గోరువెచ్చగా తగిలి ఊరుకుంది. కన్నతల్లికి ఒళ్ళంతానూ, అత్తకి మోచేతి దాకానా?”

ఇదీ అసలు సంగతి. పేగులో వాపు కంటే ఆ గోరువెచ్చదనమే ఆవిడని ఎక్కువ బాధపెట్టింది. నిండు డోసు పొందిన మనిషి పక్కమంచం మీద హాయిగా గుర్రుపెడుతుంటే ఈవిడకి కునుకు పట్టేది కాదు. ఆ కడుపుమంటకి ఏ డాక్టరూ మందు రాయలేడు.

“అదేమంత సుఖమనుకున్నారా వదినగారూ, ఒళ్ళు కాలిపోయిందనుకోండి,” అంది కోడలి తల్లి. ఆ గొంతులో రవ్వంత గొప్ప కూడా వినిపించింది.

కోడలికి ఒళ్ళు మండింది. కుర్చీ లాక్కుని అత్తగారి ఎదురుగా కూచుంది.

“అవును, కావాలనే తగ్గించాను. మందూ తగ్గించాను, రేడియేషనూ తగ్గించాను.”

“విన్నావురా?”

“మీరెంత సన్నగా ఉన్నారో చూసుకున్నారా అత్తయ్యా? సన్నటి మనిషికి బలమైన కిరణాలు అక్కర్లేదు. కిరణాల బలం తగ్గిస్తే ఆ మందు ఇంకా తెల్లగా కనిపిస్తుంది. అందుకే కాస్త మందుతోనే పని జరిగింది. ఇరుకు ఎక్కడుందో స్పష్టంగా దొరికింది కూడా.”

“అదంతా నాకెందుకు? నాకే ఎందుకు తగ్గించావు?”

“మీ జబ్బు ఒక్క స్కాన్‌తో పోయేది కాదు కాబట్టి. వచ్చే ఏడాదీ తియ్యాల్సిరావచ్చు, ఆపై ఏడాదీ రావచ్చు. ఇప్పుడే నిండా పోసేస్తే అప్పటికి మీ కిడ్నీలు మిగులుతాయా? మీరింకా ఇరవై ఏళ్ళు మా దగ్గరుంటారని లెక్కవేసుకుని కొలిచాను. రేపోమాపో పోయే మనిషైతే ఎంత పోస్తే ఏం?”

అనేశాక తనే నాలిక్కరుచుకుంది.

వయసెంతని అడిగేవాళ్ళే గానీ, ఇంకా ఎన్నేళ్ళుండాలో లెక్కవేసిన మనిషి అత్తగారికి ఇంతవరకూ తగల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాత్ర వైపు చూస్తూ కూచుంది.

అప్పుడు పక్కమంచం మీంచి ఇంకో గొంతు లేచింది.

“మరి నేనెన్నేళ్ళుంటానని లెక్కేశావే?”

అందరూ అటు తిరిగారు.

“ఆవిడకేమో కూచుని కొలిచావు. నాకు ఊరందరికీ పోసేదే పోశారు. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అని ఊరికే అన్నారా!”

ఇన్నాళ్ళూ ఆ వేడిని గొప్పగా చెప్పుకున్న మనిషి, ఇప్పుడదే అవమానమైనట్టు ముఖం తిప్పుకుంది.

“నీకు స్కాన్ తీసింది నేను కాదమ్మా,” అంది కూతురు. “నీ పేగులో గడ్డేమోనని అనుమానంతో తీశారు కదా. నిన్ను ఆ బల్ల మీద పడుకోబెట్టాక నా చెయ్యి ఆడలేదు. లెక్క కట్టబోతే అంకెలు కనిపించలేదు. ఆ అబ్బాయికి అప్పజెప్పి వరండాలోకి పోయి, గోడకి తిరిగి ఏడ్చాను. అతను మామూలు కొలతే పోశాడు. నీ బరువుకి అది సరిపోయింది కాబట్టి బతికిపోయాను.”

తల్లి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

నిజానికి అత్తగారికి మళ్ళీ చురుక్కుమనాల్సిన మాటే అది. తల్లికి ఆడని చెయ్యి తనకి నిక్షేపంగా ఆడింది మరి. ఆవిడ లోపల ఆ చురుకు కోసం వెతుక్కుంది కూడా. దొరకలేదు. వారం రోజులుగా తనెలా కుమిలిపోయిందో, ఎదురుగా వదినగారు అలాగే కుమిలిపోతోంది.

“ఒరేయ్, ఆ స్కాన్ వద్దని ఫోన్ చెయ్యి,” అని మాత్ర నోట్లో వేసుకుంది. తర్వాత కోడలికేసి వేలు చూపించింది. “ఇదుగో అమ్మాయ్. మళ్ళీ మీ అమ్మకి తియ్యాల్సివస్తే నువ్వే కొలవాలి. ఆవిడకీ ఇరవై ఏళ్ళకి లెక్కవెయ్యాలి. నీ చెయ్యి వణికితే నేనొచ్చి పక్కన నిలబడతాను.”

“అక్కడ ఎవర్నీ నిలబడనివ్వరత్తయ్యా.”

“అయితే తలుపు బయట నిలబడతాను.”

“అంటే నాకు మళ్ళీ రోగం రావాలనా వదినగారూ?” ముఖం మీంచి చేతులు తియ్యకుండానే అడిగింది తల్లి.

“రాకూడదనే. వస్తే మాత్రం, నాకంటే ఒక్క చుక్క ఎక్కువ పోయించుకున్నారో, ఊరుకోను!”

కోడలు నవ్వబోయి, రెండు మంచాల మధ్య నేలమీద కూలబడి బావురుమంది. ఇద్దరూ ఒకేసారి వంగి చెయ్యి చాపారు. ఆమె వీపు మీద ఒకరి చెయ్యి ఒకరికి తగిలింది. ఎవరూ వెనక్కి తీసుకోలేదు.