లోరికేట్‌కు రెండో జవాబు

"కోడ్ వర్డ్ లోరికేట్," అన్నాడు చీఫ్ సుధాకర్ ఫోన్‌లో. "సేఫ్‌హౌస్‌లో జాకెట్ ఇచ్చే మన ఆఫీసర్‌ని దాని అర్థం అడుగు. 'కవచం తొడిగినది' అనాలి. ఆ మాట ఎలా పుట్టిందో కూడా అడుగు. 'తోలు పట్టీ' అనాలి. లాటిన్‌లో తోలు పట్టీని లోరమ్ అంటారు. తొలి కవచాలు వాటితోనే కట్టారట, ఆ పేరే ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మొదటి జవాబు లీకైందని అనుమానం. రెండోది వినకుండా జాకెట్ ముట్టుకోకు."

"ఓకే సర్," అన్నాడు ఏజెంట్ అచ్చిబాబు.

ఆ బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ గున్నేశ్వరరావుకి. జంగారెడ్డిగూడెం జీడిపప్పు వ్యాపారి. తన కంటైనర్‌లో విదేశీ ముఠా తుపాకులు పంపిందని ఆ మధ్యాహ్నమే రాజమండ్రి కోర్టులో చెప్పబోతున్నాడు. చెప్పేలోపే చంపేయాలని ముఠా ప్లాన్.

దానవాయిపేటలో సేఫ్‌హౌస్ తలుపు తీసింది హేమశ్రీ. నీలం పట్టుచీర, ఖరీదైన సెంటు. ఆయిల్ పామ్ మొక్కల ఏజెంట్ వేషంలో ఉన్న అచ్చిబాబు గొంతు సవరించుకున్నాడు.

"లోరికేట్ అంటే ఏంటండి?"

"కవచం తొడిగినదండి. ముందు భోంచెయ్యండి, ఎండన పడొచ్చారు."

పనసపొట్టు కూర, ముద్దపప్పు, నెయ్యి. వద్దంటే వింటేనా! "మా ఇంటికొచ్చి అర్ధాకలితో లేస్తారా అండీ?" అంటూ కొసరి కొసరి వడ్డించింది. చెయ్యి కడుక్కున్నాక రెండో ప్రశ్న నోటిదాకా వచ్చింది. కడుపునిండా తిని, పెట్టిన మనిషినే నిలదీయడమా? మొహమాటం అడ్డొచ్చింది. జాకెట్ తీసుకుని, "వస్తానండి" అని బయటపడ్డాడు.

కోర్టు ముందు, కారులోనే గున్నేశ్వరరావుకి జాకెట్ తొడిగాడు.

"మీరున్నారు, నాకేం భయం లేదండి," అని నవ్వి ఆయన కారులోంచి కాలు కింద పెట్టాడు.

జాకెట్ పక్కనున్న తోలు పట్టీ లాగి బిగించాడు అచ్చిబాబు. గుండె మీది ఇనప ప్లేటు ఇట్టే వంగిపోయింది. అట్ట! అడగని ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది, జవాబు చేతిలోనే ఉంది.

"పడుకోండి!" అని ఆయన్ని కిందికి లాగాడు. బుల్లెట్ కారు అద్దం పగలగొట్టింది.

ఎదురు మేడ మీది షూటర్ దొరికాడు. రైల్వే స్టేషన్‌లో హేమశ్రీ దొరికింది. సేఫ్‌హౌస్ స్టోర్‌రూమ్‌లో కట్టేసి ఉన్న అసలు ఆఫీసర్ లోవమ్మ బయటపడింది.

"ప్రాణం పోశారండి!" అంటూ గున్నేశ్వరరావు చేతులు పట్టుకున్నాడు. అచ్చిబాబు తలెత్తలేకపోయాడు. ఛీ, ఒక్క పూట భోజనానికి ఈయన్ని బలిచ్చేసేవాణ్ణే అనుకుని సిగ్గుతో చచ్చిపోయాడు.

సాక్ష్యం పూర్తయ్యాక ఫోన్‌లో చీఫ్‌కి అంతా చెప్పేశాడు.

"మొహమాటపడ్డాను సర్. సస్పెండ్ చెయ్యండి."

"చేశాను."

చీఫ్‌ది కాకినాడ. ఫోన్ మాత్రం పెట్టేయలేదు.

"పనసపొట్టన్నావు. ఆవ పెట్టిందా?"

"పెట్టిందండి."

చీఫ్ నిట్టూర్చాడు. "సస్పెన్షన్ సగానికి తగ్గిస్తున్నాను."