మూత బిగించిన వేడి

ఆగస్టులో, దుబాయ్‌కి దగ్గర్లోని ఉమ్ అల్ క్వైన్‌లో చన్నీళ్ల కుళాయి తిప్పితే ఆ నీళ్లతో టీ పెట్టుకోవచ్చు. ఆ సంగతి తెలిసీ, మరిగిన బీరు కషాయం గిన్నెను నేను బాత్‌రూమ్‌లో ఆ కుళాయి కిందే పెట్టాను. బీరు కాచే మాల్ట్ పాకం డబ్బా ఇచ్చిన మా కంపెనీ ఇంగ్లీషు ఇంజనీరు, అలా చల్లార్చాకే పులియబెట్టే ఈస్టు వేయాలన్నాడు. వేడిలో వేస్తే ఈస్టు చచ్చిపోతుందట.

"సల్లారుస్తున్నవా, మళ్లా కాగబెడ్తున్నవా?" అంది చంద్రవ్వ, గుమ్మంలో నిలబడి.

నా భార్య. పెళ్ళయి నెల కూడా కాలేదు. హైదరాబాదు కాలేజీలో మొదలుపెట్టిన 'నువ్వు'ను ఇంకా వదల్లేదు. అది విన్నప్పుడల్లా నాకు గదిలో ఇంకో ఫ్యాను తిరిగినట్టుంటుంది.

"ఐస్ తెస్తాను."

"అద్దు. మూత లేకుంట ఉంచితె ముందే పులిసి ఖరాబైతది. పాత పులుపు సావాలని మా నాయన కల్లు లొట్టిని మంట మీద కాల్చినంకనే చెట్టుకు కడ్తడు. వేడి మీదనే డబ్బాల పోసి బిగిద్దాం. అదే సల్లారుతది. ఈస్టు రేపేద్దాం."

మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో పోసి, గాలి నొక్కేసి, మూత బిగించాం. ఆవిరికి ఆమె ముంగురులు నుదుటికి అంటుకున్నాయి. అవి చూస్తూ నేను వేలు కాల్చుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఇవాళ మాణిక్యాంబ పిన్ని వస్తుందని. అరబ్బుల ఇంట్లో వంట చేసే మా పిన్నే ఇక్కడ నాకున్న ఒక్క పెద్దదిక్కు. చెప్పకుండా చేసుకున్న పెళ్ళి మాది. కోడల్ని గడప ఎక్కనివ్వాలా వద్దా అన్నది మా అమ్మ పిన్ని మాటకే వదిలేసింది.

"మంచం కిందికి తోసేద్దాం."

"ముట్టుకో, తెలుస్తది."

ముట్టుకున్నాను. తెలిసింది.

"పోనీ, దుప్పటి కప్పుదాం."

"ఎందుకు? మా ఇంట్ల నన్ను కన్న అవ్వ సుత నాయన పక్కన కూసొనే కల్లు తాగుతది. నేనేమన్న దొంగతనం చేసిన్నా? నన్ను చూడనీకె వస్తున్నది గదా. చూడనీ."

డబ్బాను తువ్వాలుతో పట్టుకుని తనే తెచ్చి ముందుగదిలో బల్ల మీద పెట్టింది.

పిన్ని వచ్చి కూర్చుంది. చంద్రవ్వ టీ అందించింది. పిన్ని చూపు మాత్రం డబ్బా మీదే ఉంది.

"ఏంటమ్మాయ్ అది?"

"బీరు, చిన్నత్తమ్మా. ఇంకా కాలే."

నేను బల్ల మీది తువ్వాలును మడతపెట్టడం మొదలుపెట్టాను.

"ఎవరికి?"

"మా ఇద్దరికి."

"దాచెయ్యమని వీడు చెప్పలేదేంటి?"

"చెప్పిండు. నేనే ఇనలే."

పిన్ని టీ గ్లాసును చేతిలో తిప్పింది.

"నేను వంట చేసే ఆ ఇంట్లో, నేను టీ తాగే గ్లాసు సింకు కింద పెట్టుకుంటాను," అంది. "మేడమ్ ఏమంటుందోనని. ఇన్నేళ్లలో ఆవిడ ఏమీ అన్లేదు. నేనే దాచుకుంటున్నాను."

టక్‌మంది. ముగ్గురం ఉలిక్కిపడ్డాం. చల్లారుతున్న డబ్బా పక్కలు లోపలికి పీల్చుకుంది, అచ్చం నవ్వు ఆపుకుంటున్న చంద్రవ్వ బుగ్గల్లా.

పిన్ని నవ్వేసింది. "ఒరేయ్ అంజీ, మీ అమ్మతో నేను మాట్లాడతాలే. దాపరికం లేని పిల్లని తెచ్చుకున్నావని చెబుతాను." చంద్రవ్వ వైపు తిరిగింది. "ఎప్పటికవుతుందమ్మాయ్ ఇది?"

"మూడు వారాలు పడ్తది. మీరు సుత తాగుతరా?"

"నేనెక్కడ తాగుతానే. నువ్వు తాగుతుంటే వీడి మొహం చూడ్డానికొస్తాను."

టీ పూర్తిచేసి, ఖాళీ గ్లాసును డబ్బా పక్కనే, బల్ల నడిమధ్యన పెట్టింది.